జూన్‌లో లండన్: అత్తయ్య, మామయ్య, ఇద్దరు పిల్లలతో వారం. ప్లాన్ చూసి చెప్పండి

శ్రీలత_నిజాంపేట
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. జూన్ రెండో వారంలో లండన్ వెళ్తున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, మామయ్యగారు, పాప (13), బాబు (9). వీసాలు వచ్చేశాయి. హైదరాబాద్ నుంచి నేరుగా హీత్రోకి టికెట్లు కూడా అయిపోయాయి. మావారు ఎక్సెల్‌లో గంటల లెక్కన ప్లాన్ వేశారు:

మొదటి రోజు: మధ్యాహ్నం దిగి, హోటల్లో సామాను పడేసి, సాయంత్రం లండన్ ఐ (నది ఒడ్డున జెయింట్ వీల్).
రెండు: బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డుల మార్పిడి, వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే, బిగ్ బెన్, పడవ, టవర్ ఆఫ్ లండన్, టవర్ బ్రిడ్జ్.
మూడు: బ్రిటిష్ మ్యూజియం, సెయింట్ పాల్స్, కోవెంట్ గార్డెన్, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్.
నాలుగు: పొద్దున గ్రీనిచ్, మధ్యాహ్నం నేచురల్ హిస్టరీ మ్యూజియం, పక్కనే సైన్స్ మ్యూజియం.
ఐదు: కోచ్‌లో విండ్సర్, స్టోన్‌హెంజ్, బాత్.
ఆరు: మేడమ్ టుస్సాడ్స్, నీస్డెన్ స్వామినారాయణ్ గుడి, షాపింగ్.

మామయ్యగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కుతారు గానీ దిగేటప్పుడు ఇబ్బంది. అత్తయ్యగారు పూర్తి శాకాహారి, బయట గుడ్డు వాసన తగిలినా ముద్ద దిగదు. హోటల్ ఇంకా బుక్ చేయలేదు, పాడింగ్టన్ దగ్గరా, ఈస్ట్ హామ్‌లోనా అని ఇంట్లో వాదన నడుస్తోంది. మొహమాటం లేకుండా చెప్పండి.

రీడింగ్_రవి
శ్రీలతగారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. మీ రెండో రోజు ప్లాన్ ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒక్కడే వస్తే కుదురుతుంది. టవర్ ఆఫ్ లండన్ ఒక్కటే పూట పని. లోపలంతా గులకరాళ్లు పరిచిన దారి, వైట్ టవర్‌లో ఇరుకు మెట్లు. దాన్ని సాయంత్రానికి తోస్తే మామయ్యగారు గేటు దగ్గరే బెంచీ వెతుక్కుంటారు.

ఇంకొకటి. మ్యాప్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య దూరమే కనబడుతుంది, స్టేషన్ లోపల నడిచేది కనబడదు. ఇక్కడి ట్యూబ్ (భూగర్భ రైలు) 1863లో మొదలైంది. పాత స్టేషన్లలో మూడింట రెండొంతులకు వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేని దారి లేదు. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్ట్ క్యూ చూసి కొందరు మెట్ల వైపు నడుస్తారు, అవి 193. ఆ బోర్డు చదవకుండా దిగొద్దు. 2022లో వచ్చిన ఎలిజబెత్ లైన్‌లో మాత్రం అన్ని స్టేషన్లలోనూ లిఫ్ట్ గానీ ర్యాంప్ గానీ ఉంటుంది. హీత్రో నుంచి పాడింగ్టన్‌కి అరగంట. పికడిల్లీ లైన్ కన్నా ఛార్జీ ఎక్కువే, కానీ పెద్ద పెట్టెలతో, పెద్దవాళ్లతో ఉన్నప్పుడు అక్కడ పిసినారితనం వద్దు.

బాబుకి పదకొండు లోపే కాబట్టి మీతో కలిసి ఎక్కితే ట్యూబ్‌లో, బస్సులో, డీఎల్ఆర్ అనే చిన్న రైల్లో టికెట్ లేదు. పాపకి ఒక ఆయిస్టర్ కార్డు (ప్రయాణాలకు డబ్బు వేసుకునే కార్డు) తీసుకుని, స్టేషన్ సిబ్బందిని అడిగి "యంగ్ విజిటర్ డిస్కౌంట్" పెట్టించండి. పద్నాలుగు రోజుల దాకా సగం ఛార్జీ.

బెజవాడ_బాబాయి
అమ్మా శ్రీలతా, అందరూ తగ్గించు తగ్గించు అంటారు. నేను అలా అనను. ఆరుగురికి టికెట్లు, వీసాలు, హోటల్ కలిపి ఎంతైందో మీకు తెలుసు. అంత డబ్బు పోసి అక్కడికెళ్లి పార్కులో కూర్చుని శాండ్‌విచ్ తినే భాగ్యం ఎందుకు? మళ్లీ ఎప్పుడు వెళ్తారు? మీ మామగారికి ఈ వయసులో ఇదే మొదటిదీ, బహుశా ఆఖరిదీ. ఆరుకి లేవండి, తొమ్మిదికల్లా మొదటి చోట ఉండండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు దిగడు. అంత వెలుగు పెట్టుకుని హోటల్లో పడుకుంటారా!

సన్నజాజి
బాబాయిగారూ, ఆ తొమ్మిది దాటే వెలుగు మీద ఆశతోనే మేమూ మా అమ్మావాళ్లని తిప్పాం. మూడో రోజు మా నాన్న "మీరు వెళ్లి రండి, నేను గది కాపలా కాస్తా" అన్నారు. ఆయన కోసం పెట్టుకున్న ప్రయాణం అది! పెద్దవాళ్లు అలసిపోయామని నోరు తెరిచి చెప్పరు. ఆకలి లేదంటారు, లేకపోతే ఫోటో వద్దంటారు. అప్పుడే ఆపేయాలి.

శ్రీలతగారూ, ఎవరూ రాయని సంగతి ఒకటి. బాత్రూములు. నీళ్ల గొట్టం ఎక్కడా ఉండదు. బ్యాగులో చిన్న ఖాళీ సీసా పెట్టుకోండి, ఇంతకన్నా విడమరిచి చెప్పను. పాడింగ్టన్, యూస్టన్, కింగ్స్ క్రాస్, వాటర్లూ, విక్టోరియా లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలో 2019 నుంచి టాయిలెట్లకు డబ్బులు తీసుకోవట్లేదు. మ్యూజియాల్లో ఎలాగూ ఉచితమే. మేం రోజు ప్లాన్ మొత్తం వీటిని బట్టే వేసుకునేవాళ్లం.

కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్తే మన ప్లగ్గు అక్కడ పట్టదు, మూడు పలకల పిన్నుల అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. పొడులు, పచ్చళ్లు సరే గానీ పాలు, నెయ్యి, మాంసంతో చేసినవి మన దేశం నుంచి తీసుకెళ్లకూడదు. సున్నుండలు ఇంట్లోనే తినేసి బయల్దేరండి.

శ్రీలత_నిజాంపేట
సన్నజాజిగారూ, "గది కాపలా" అన్న మాట మావారికి చదివి వినిపించా. ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ తెరిచారు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరినీ అడిగాం, ఒక్కటే చూడనిస్తే ఏం చూస్తారు అని. బాబు: డ్రైవర్ లేని రైలు. పాప: క్యామ్డెన్ మార్కెట్. అత్తయ్యగారు: "మీరెటు తీసుకెళ్తే అటే" (ఇది జవాబు కాదని నాకు తెలుసు). మామయ్యగారు మాత్రం టక్కున చెప్పారు. కోహినూరు, అమరావతి శిల్పాలు. ఆయనది అమరావతి దగ్గర ధరణికోట పక్క ఊరు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మా ఎక్సెల్‌లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది గంటన్నర. అమరావతి శిల్పాలు అక్కడ ఉన్నాయని మా ఇద్దరికీ తెలియనే తెలియదు.

రాతిపలక
ఈ థ్రెడ్‌లోకి రాకూడదనుకున్నా గానీ ఆ పేరు విన్నాక ఆగలేకపోయా.

శ్రీలతగారూ, 33ఏ నంబరు గది అడగండి. ముందు గేటు జనంలో కాకుండా వెనక మాంటేగ్ ప్లేస్ వైపు నుంచి వెళ్తే దగ్గర. ఒక్కోసారి గదులు మూసి ఉంచుతారు, బయల్దేరే రోజు పొద్దున వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి. ప్రవేశం ఉచితం, కానీ టైం స్లాట్ ముందే బుక్ చేసుకోండి. శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, సాయంత్రం ఐదు దాటాక జనం పలచబడతారు. చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు.

కథ ఏమిటంటే, అమరావతి బౌద్ధ స్తూపం కూలి దిబ్బగా మిగిలింది. కల్నల్ మెకంజీ 1797 ప్రాంతంలో మొదటిసారి ఆ దిబ్బ చూశాడు. అప్పటికే అక్కడి రాళ్లు పీకి కట్టడాలకు వాడేస్తున్నారు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి తరలించాడు. అక్కడ చాలాకాలం ఎండకూ వానకూ పడి ఉన్న వాటిలో ఒక భాగం 1859లో ఓడెక్కింది. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880 ప్రాంతంలో. మిగతావి చాలావరకు చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతిలోనే.

అన్నీ చూడలేకపోతే ఒక్క పలక దగ్గర నిలబడండి. దానికి రెండు వైపులా శిల్పం ఉంటుంది. ఒక వైపు క్రీస్తు పూర్వపు పని. బుద్ధుడి రూపం చెక్కలేదు, బోధివృక్షం, ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కేవాళ్లు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనక వైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. స్తూపం ఇప్పుడు దిబ్బే కదా, అది నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసింది ఇలాంటి పలకల వల్లే.

బెజవాడ_బాబాయి
ఇన్నాళ్లూ బెజవాడలో ఉండి అమరావతి వెళ్లింది అమరేశ్వరుడి దర్శనానికే. బాగుంది నాయనా రాతిపలకా.

కోహినూరు మాత్రం మన కొల్లూరు గనిదే అంటారు. కృష్ణ ఒడ్డున, మొన్నటి దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. దాన్ని అద్దాల్లో చూడటానికి మనం వాళ్లకు పౌండ్లు కట్టడం నాకు నచ్చదు.

ఓరుగల్లు_అనిల్
బాబాయ్, ఆ కొల్లూరు ఊరే ఇప్పుడు పులిచింతల నీళ్లల్ల మునిగింది. వజ్రం వాపస్ వచ్చినా దింపే ఊరు లేదు.

బెజవాడ_బాబాయి
ఊరు లేకపోతే జిల్లా లేదా! 1849లో లాహోర్ సంధి పేరు చెప్పి పదేళ్ల పిల్లాడు, పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ చేత ఇప్పించుకున్నారు. తర్వాత 1852లో సానబట్టి 186 క్యారట్లని 105 దగ్గరికి దించారు. మన సొత్తు మనకు...

నిర్వాహకుడు
కోహినూరు ఎవరిదన్న చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అది ఇప్పటికే 40 పేజీలు దాటింది. దయచేసి శ్రీలతగారి ప్రయాణానికి రండి.

ఓరుగల్లు_అనిల్
సారీ సార్. అక్కా, ఒకటి చెప్తా. టవర్‌కి గేట్లు తెరిచేసరికి అక్కడ ఉండి, ఇంకేం చూడకుండా సీదా జ్యువెల్ హౌస్‌కి నడవండి. పదకొండు దాటితే లైను మస్తు పెద్దగైతది. కిరీటాల ముందు కదిలే పట్టీ ఉంటది, దాని మీద నిలబడితే అదే తీసుకపోతది. కోహినూరు రాణీ ఎలిజబెత్ వాళ్లమ్మ కిరీటంల ఉంది, 1937ది. రెప్పపాటుల దాటిపోతది. మళ్లీ చూడాలంటే తిరిగి మొదటికి రావచ్చు, జనం తక్కువుంటే ఎవరూ ఏమనరు. ఫోటోలు తీయనియ్యరు.

బస్సులల్ల నగదు తీసుకోరు, కార్డే. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలె. బయల్దేరే ముందు బ్యాంక్ యాప్‌ల ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయండి. పొద్దున ఫోన్‌తో ట్యాప్ చేసి సాయంత్రం అదే కార్డుతో ట్యాప్ చేస్తే మెషీన్ ఇద్దరనుకుంటది, రోజుకు ఇంతకన్నా ఛార్జీ పడదన్న పరిమితి లెక్కకు రాదు. ఏదో ఒకటే పట్టుకోండి.

మీ బాబుకి డ్రైవర్ లేని రైలంటే డీఎల్ఆరే. బ్యాంక్ స్టేషన్ల మొదటి పెట్టె ముందు సీటు పట్టుకోండి. గ్రీనిచ్ పోయేటప్పుడు థేమ్స్ కిందికెళ్లి దూరుతది. 15 నంబరు బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ మీదుగ టవర్ దాక పోతది, మేడ మీద ముందు సీటు దొరికితే టూర్ బస్సు పైసలు మిగిలినట్టే.

సన్నజాజి
హోటల్ సంగతి. అత్తయ్యగారి భోజనం చూసి ఈస్ట్ హామ్‌కే నా ఓటు. హై స్ట్రీట్ నార్త్ మీద ఇడ్లీ, దోసె, సాంబారన్నం, పెరుగన్నం అన్నీ దొరుకుతాయి. మహాలక్ష్మి గుడి అదే వీధిలో. డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే టవర్ హిల్, వెస్ట్‌మిన్‌స్టర్, సౌత్ కెన్సింగ్టన్ మూడూ మారకుండా వచ్చేస్తాయి.

రీడింగ్_రవి
నేను ఒప్పుకోను. ఈస్ట్ హామ్ నుంచి రోజూ రానూపోనూ బండిలోనే చాలాసేపు పోతుంది. మధ్యాహ్నం గదికి వచ్చి నడుం వాల్చే వీలుండదు. పెద్దవాళ్లతో ఆ రెండు గంటల నిద్రే రోజుని నిలబెడుతుంది. పాడింగ్టన్, యూస్టన్ పక్కన గదులు ఇరుకే, ధర ఎక్కువే. కానీ యూస్టన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌లో శాకాహార హోటళ్లు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి, బ్రిటిష్ మ్యూజియం దగ్గర. పొద్దున గదిలో ఉప్మా వండుకున్నా రాత్రికి అక్కడ గడుస్తుంది.

శ్రీలత_నిజాంపేట
మొత్తానికి యూస్టన్ దగ్గర వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ దొరికింది. లిఫ్ట్ ఉందని ఓనర్‌తో ఫోన్‌లో రెండుసార్లు అడిగి మరీ తీసుకున్నాం.

కొత్త ప్లాన్: దిగిన రోజు ఏమీ లేదు. తర్వాత టవర్, పొద్దున మాత్రమే, అక్కడి నుంచి గదికి. శుక్రవారం మధ్యాహ్నం దాకా విశ్రాంతి, సాయంత్రం బ్రిటిష్ మ్యూజియం. ఒక రోజు డీఎల్ఆర్, గ్రీనిచ్, తిరిగి వెస్ట్‌మిన్‌స్టర్‌కి పడవ. ఒక పూట నేచురల్ హిస్టరీ. ఆదివారం పాపతో నేను క్యామ్డెన్, మిగతావాళ్లు నీస్డెన్ గుడి. స్టోన్‌హెంజ్, అబ్బే, టుస్సాడ్స్ తీసేశాం. లండన్ ఐ మీద ఇంకా గొడవ.

రీడింగ్_రవి
లండన్ ఐ ఎత్తు 135 మీటర్లు, చుట్టు తిరగడానికి అరగంట, ఆరుగురికి బోలెడంత. దాని బదులు ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో స్కై గార్డెన్‌కి వెళ్లండి. ఉచితం, లిఫ్ట్‌లో ముప్పై అయిదో అంతస్తుకి. మూడు వారాల ముందు నుంచి సోమవారాల్లో టికెట్లు వదులుతారు, పొద్దున్నే పట్టుకోవాలి.

గార్డుల మార్పిడి తీసేసినట్టున్నారు. ఉంచాలనుకుంటే ప్యాలెస్ కంచె దగ్గర జనంలో నిలబడకుండా, వైట్‌హాల్‌లో హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రాలవాళ్లది చూడండి. సోమ నుంచి శని దాకా పొద్దున పదకొండు, ఆదివారం పది. గుర్రాలు దగ్గరగా కనిపిస్తాయి.

బెజవాడ_బాబాయి
స్టోన్‌హెంజ్ తీసేశారా! సరే, మీ ఇష్టం. వచ్చాక ఏమేం చూశారో పూర్తిగా రాయాలి, లేకపోతే ఊరుకోను.

శ్రీలత_నిజాంపేట
లండన్ నుంచి రాస్తున్నా. రాత్రి పదకొండు, అందరూ పడుకున్నారు.

టవర్ బాగా జరిగింది. అనిల్ చెప్పినట్టే తెరవగానే నేరుగా జ్యువెల్ హౌస్. మామయ్యగారు ఆ పట్టీ మీద వెళ్లారు, మళ్లీ వచ్చారు, మళ్లీ వెళ్లారు. బయటికొచ్చాక "ఇంతేనా" అన్నారు. ఆయన ఊహలో అది నిమ్మకాయంత ఉందట. నల్ల కాకులు చూసి బాబు వదల్లేదు. ఆరు కాకులు ఎగిరిపోతే రాజ్యం కూలుతుందన్న కథ ఎర్రంచుల నీలం యూనిఫాం కాపలాదారు ఎంత నాటకీయంగా చెప్పాడంటే, మావాడు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటూ తిరిగాడు.

తిరుగు దారిలో ఒక స్టేషన్‌లో లిఫ్ట్ పనిచేయట్లేదని బోర్డు. పైకి వచ్చి నల్ల టాక్సీ ఎక్కాం. ఆ టాక్సీలన్నిటికీ ర్యాంప్ ఉంటుందని అప్పుడే తెలిసింది. ఖర్చైంది గానీ మామయ్యగారి ముఖం చూశాక ఎవరూ లెక్క అడగలేదు.

ఇవాళ శుక్రవారం. ఆరింటికి వెనక గేటు నుంచి 33ఏ. చక్రాల కుర్చీ తెచ్చారు గానీ మామయ్యగారు దాంట్లో కూర్చోలేదు, కర్రలా పట్టుకుని నడిచారు. స్తూపం చెక్కిన పలక దగ్గర ఆగి, మధ్యలో పైకి లేచిన స్తంభాలు బాబు చేత లెక్కపెట్టించారు. ఐదు. ఆయక స్తంభాలట, నాలుగు దిక్కులా అలా ఐదేసి ఉండేవట. "దీపాలదిన్నె అనేవాళ్లం రా మేము, దాని మీద మేకల్ని తోలేవాళ్లు" అన్నారు. ఆ రాయి పల్నాటి సున్నపురాయేనని రాసి ఉన్న చీటీ పాప చదివి వినిపించింది. అత్తయ్యగారు ఒక మూల చూపించి "ఈమె వడ్డాణం చూడవే, మా అమ్మమ్మది ఇలాగే ఉండేది" అన్నారు. మీరెటు తీసుకెళ్తే అటే అన్న మనిషి, అక్కణ్నుంచి ఒక్కో పలకలో నగలు చూసుకుంటూ నన్ను వెంట తిప్పారు. ఈజిప్టు మమ్మీలు చూడనే లేదు. పిల్లలు అలిగారు, రోజెట్టా రాయి దగ్గర ఒక ఫోటో తీయించి సర్దిచెప్పాం.

రాతిపలక
వడ్డాణం సంగతి చెప్పిన అత్తయ్యగారికి నా నమస్కారాలు. ఆ శిల్పాల్లో నగల మీద పరిశోధనలే చేయొచ్చు.

ఓరుగల్లు_అనిల్
అక్కా, గ్రీనిచ్ రోజు ఒంటిగంటకు అబ్జర్వేటరీ దగ్గర ఉండేటట్టు చూసుకోండి. పైన ఎర్ర బంతి 12:55కి సగం లేస్తది, 12:58కి పూర్తిగా లేస్తది, సరిగ్గా ఒంటిగంటకు పడతది. 1833 నుంచి నడుస్తుంది, నది మీది ఓడలోళ్లు గడియారాలు సరిచేసుకునేటోళ్లు. గుట్ట ఎత్తుంటది, హెడ్మాస్టరు సార్‌ని మెల్లగ ఎక్కించండి.

శ్రీలత_నిజాంపేట
ఇంటికి వచ్చేశాం. బాబాయిగారు ఊరుకోనన్నారు కాబట్టి మిగతాది.

డీఎల్ఆర్ ముందు సీటు దొరికింది. బాబు చేత్తో లేని స్టీరింగ్ తిప్పుతుంటే పక్కన సూటు వేసుకున్నాయన ఫోన్ పక్కన పెట్టి "లెఫ్ట్, లెఫ్ట్" అని దారి చెప్పాడు. ఎర్ర బంతి పడటం చూశాం. నిజం చెప్పాలంటే టప్పున పడుతుంది, అంతే. గుట్ట ఎక్కలేక అత్తయ్యగారు, మామయ్యగారు కింద పార్కులో ఆగిపోయారు, మేం పైకి వెళ్లాం. మావారు అక్కడి సున్నా డిగ్రీల రేఖాంశం గీత మీద నిలబడి, మన టైముకి లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దాపుల నుంచి పోతుందని పిల్లలకి పాఠం పెట్టారు. పాప వినలేదు.

నేచురల్ హిస్టరీలో హాలు మధ్య వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం 25 మీటర్లు. దాని కింద బల్ల మీదే గంటసేపు కూర్చున్నాం. సైన్స్ మ్యూజియానికి వెళ్లలేదు. స్కై గార్డెన్ టికెట్లు దొరకలేదు, లండన్ ఐ ఎక్కలేదు. షాపింగ్ చేసేవాళ్లకి ఒక మాట: టూరిస్టులకి వ్యాట్ (కొన్నవాటి మీద పన్ను) వెనక్కిచ్చే పద్ధతి అక్కడ 2021 నుంచి లేదు. మావారు బిల్లులన్నీ దాచి ఎయిర్‌పోర్టులో కౌంటర్ వెతికారు.

బెజవాడ_బాబాయి
లండన్ ఐ ఎక్కకుండా లండన్ వెళ్లొచ్చాం అంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మరు. అయినా సంతోషం. మీ మామగారిని ఓసారి బెజవాడ రమ్మను, ఇద్దరం కలిసి ఆ దీపాలదిన్నె చూసొస్తాం.

వైజాగ్_వాసు
థ్రెడ్ మొత్తం చదివా, థాంక్స్ అందరికీ. మేం డిసెంబర్ 23 నుంచి వెళ్దామనుకుంటున్నాం, అమ్మా నాన్నతో. ఇదే ప్లాన్ పనికొస్తుందా?

రీడింగ్_రవి
వాసుగారూ, మక్కీకి మక్కీ పనికిరాదు. డిసెంబర్‌లో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. ఇరవై అయిదున ట్యూబ్ ఉండదు, బస్సు ఉండదు, మ్యూజియాలు మూసేస్తారు. ఆ రోజు గది చుట్టుపక్కల నడవడమే, సరుకులు ముందు రోజే తెచ్చుకోండి. ఇరవై ఆరున కూడా రైళ్లు అంతంతమాత్రం. ఇంకా టికెట్లు తీయకపోతే ప్రయాణాన్ని జనవరి మొదటి వారానికి జరపండి. అమ్మానాన్నల వయసెంత, మెట్లు ఎక్కగలరా, అది చెప్పండి ముందు.